పెరటికోడి ప్రశ్నలు: డబ్బాలో వచ్చే పిల్లలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఒకే సంగతి అడుగుతున్నాయి. కోడిపిల్లల్ని దూరం నుంచి తెప్పించుకోవచ్చా, దారిలో చచ్చిపోవా అని. తణుకు దగ్గర ఒక హేచరీలో, అంటే మిషన్‌లో గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మే చోట, ఇరవై రెండేళ్లు పిల్లల్ని లెక్కపెట్టి డబ్బాల్లోకి ఎక్కించిన చేతులు నావి. గుప్పిటకు రెండు, రెండు చేతులకు నాలుగు. అలా ఆరుసార్లు వేసి, పైన ఒకటి కలిపితే ఒక అర నిండినట్టు, ఇరవై అయిదు. డబ్బాకి నాలుగు అరలు. ఇప్పటికీ కూరగాయల బజార్లో నిమ్మకాయలు ఆ లెక్కనే తీసి సంచిలో వేస్తుంటే కొట్టువాడు నవ్వుతాడు. పని మానేశాక నేనూ డబ్బాలు తెప్పించుకున్నాను, నష్టపోయాను కూడా. ఆ సంగతి కింద వస్తుంది. ముందు అమెరికా ఉత్తరం.

ప్రశ్న: అక్కా, మేము డల్లాస్ దగ్గర ఉంటాం. ఇంటి వెనక కోళ్లు పెంచుకోవడానికి మా ఊళ్లో అనుమతి ఉంది. అయోవాలోని ఒక హేచరీకి ఆన్‌లైన్‌లో పదిహేను పిల్లలకు ఆర్డరు పెట్టాను. అవి పోస్టులో వస్తాయట! మేత ఉండదు, నీళ్లు ఉండవు, రెండు రోజుల ప్రయాణం. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు "పసిగుడ్డుల్ని పోస్టులో వేస్తారా, పాపం తగులుతుంది" అంటున్నారు. నాకూ టెన్షన్‌గానే ఉంది. ఆర్డరు క్యాన్సిల్ చేయమంటారా?

జవాబు: క్యాన్సిల్ చేయక్కర్లేదు చెల్లెమ్మా. కానీ ముందు మీ అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క మాట అడుగు. ఊళ్లో కోడిని పొదగేసినప్పుడు మొదటి పిల్ల బయటికొచ్చిన వెంటనే తల్లికోడి గంప దిగి మేతకు పోయేదా? పోయేది కాదు. ఇరవై ఒకటో రోజున ఒక పిల్ల వస్తుంది, రాత్రికి ఇంకో నాలుగు, మర్నాడు మిగతావి. అన్నీ వచ్చేదాకా తల్లి కదలదు. మరి ముందు వచ్చిన పిల్ల ఆ రోజున్నర ఏం తిని బతికినట్టు?

గుడ్డులోని పచ్చసొన. లోపల పిల్ల పెరిగేటప్పుడు సొన కొంత వాడుకుంటుంది, మిగిలింది పెంకు పగలగొట్టడానికి ఒకటి రెండు రోజుల ముందు బొడ్డులోంచి పొట్టలోకి లాగేసుకుంటుంది. పుట్టేసరికి కడుపులో సద్ది మూట ఉంటుందన్నమాట. ఆ సద్దితో దాదాపు మూడు రోజులు మేత, నీళ్లు లేకుండా నెట్టుకొస్తుంది. ఒకరోజు పిల్లను అరచేతిలో వెల్లకిలా పెట్టుకుని చూస్తే పొట్ట కాస్త ఉబ్బుగా, మెత్తగా తగులుతుంది, మధ్యలో బొడ్డు దగ్గర చిన్న మచ్చ ఉంటుంది. ఆ బొడ్డు ఆరి మూసుకుపోయి ఉంటే పిల్ల ప్రయాణానికి తయారు. తడిగా, నల్లగా పొక్కు కట్టి ఉంటే మేము పక్కన పెట్టేసేవాళ్లం.

మీ దేశంలో ఈ వ్యాపారం అంతా ఆ సద్ది మూట మీదే నిలబడింది. అమెరికా పోస్టాఫీసు కోడిపిల్లల్ని తీసుకోవడం 1918లో మొదలుపెట్టింది, నేటికీ ఆపలేదు. వాళ్ల రూలు ఏమిటంటే, పిల్లలు పుట్టిన 24 గంటల్లోపు పోస్టులో వేయాలి, పుట్టిన 72 గంటల్లోపు కొన్నవాళ్ల చేతికి చేరాలి. ఆ 72 గంటలు ఎవరో గాల్లోంచి తెచ్చిన లెక్క కాదు, మీ అత్తగారి గంపలో ఉన్న లెక్కే. బాతు, టర్కీ, కౌజు పిల్లలక్కూడా ఇదే పద్ధతి. అయోవా రాష్ట్రంలో వెబ్‌స్టర్ సిటీలో ఉన్న ముర్రే మెక్‌ముర్రే హేచరీ అయితే 1917 నుంచీ ఉంది. అంటే పోస్టాఫీసు ఒప్పుకోవడానికి ముందు నుంచే.

అయితే ఒక్క మాట. మూడు రోజులు బతకగలదు అంటే మూడు రోజులూ సుఖంగా ఉంటుందని కాదు. ఆకలి కంటే చలి ముందు చంపుతుంది. అందుకే వాళ్లు ఒకటీ రెండూ పిల్లల్ని పంపరు. ఒక పిల్ల బరువు 40 గ్రాములు, అంటే మన చిన్న నిమ్మకాయంత. ఒంటరిగా ఉంటే దానికి వేడి నిలవదు. పదిహేనో ఇరవై అయిదో కలిస్తే ఒకదాని ఒంటి వేడి ఇంకోదానికి దుప్పటి. నువ్వు పదిహేనుకు ఆర్డరు పెడితే డబ్బాలో పదహారో పద్దెనిమిదో వచ్చాయనుకో, సంబరపడకు. వేడి కోసమని కొన్ని హేచరీలు అదనంగా పుంజు పిల్లల్ని వేస్తాయి. ఆరు నెలలయ్యాక తెల్లవారుజామున నాలుగింటికి అవి కూసేసరికి పక్కింటివాళ్లు తలుపు కొడతారు. మీ ఊళ్లో పుంజుల్ని ఒప్పుకుంటారో లేదో ఇప్పుడే కనుక్కో. చాలాచోట్ల పెట్టలకు మాత్రమే అనుమతి ఉంటుంది. "అదనపు పుంజులు వద్దు" అని ఆర్డరులో రాసే వీలుంటే రాయి.

ఇక డబ్బా వచ్చే వారం ఏం చేయాలో చెప్తాను. ఎక్కువ హేచరీల్లో వారం మొదట్లోనే పిల్లలు దిగేలా గుడ్లు పెడతారు, మధ్యలో ఆదివారం అడ్డం రాకుండా. కాబట్టి నీ డబ్బా బుధవారమో గురువారమో చేరుతుంది. ముందురోజే మీ పోస్టాఫీసుకు వెళ్లి, కోడిపిల్లలు రాబోతున్నాయి, ఎంత పొద్దున్నైనా ఫోన్ చేయండి, నేనే వచ్చి తీసుకెళ్తాను అని చెప్పి నంబరు ఇచ్చిరా. తెల్లవారుజామున అయిదింటికి ఫోన్ రావచ్చు. ఆ రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెట్టుకోకు. పోస్టుమాన్ ఇంటికి తెచ్చిస్తాడులే అని ఊరుకోకు, ఆ వ్యాను వీధులన్నీ తిరిగి మీ ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది.

డబ్బా కౌంటరు మీదే తెరువు, అక్కడ మనిషి ఉండగానే. చనిపోయినవి ఉంటే అప్పుడే ఫోటో తీయి. ఒకటి పోయి ఉండొచ్చు, దానికి గుండె దిటవు చేసుకునే వెళ్లు. పెద్ద హేచరీలు ప్రాణంతో చేరకపోతే డబ్బు వెనక్కి ఇస్తాయి, కానీ ఒకటి రెండు రోజుల్లోపు చెప్పాలి.

ఇల్లు మాత్రం ముందురోజు రాత్రే వెచ్చగా ఉండాలి. నేను చూసిన చావుల్లో సగం ఇక్కడే. డబ్బా ఇంటికొచ్చాక బల్బు వెతుక్కుంటారు, మేత కొట్టుకు పరిగెడతారు. పిల్లలు కూర్చునే చోట మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి, తర్వాత వారానికి అయిదు డిగ్రీల చొప్పున తగ్గించు. థర్మామీటరు కంటే పిల్లల్ని చూడటం మేలు. లైటు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి కీచుమంటుంటే చలేస్తోంది. నోళ్లు తెరిచి అంచులకు పారిపోతుంటే ఉడికిపోతున్నాయి. అక్కడక్కడా పడుకుని, కొన్ని తింటూ, కొన్ని కాళ్లు బార్లా చాపి నిద్రపోతుంటే అది సరైన వేడి. అలా కాళ్లు చాపి పడుకున్న పిల్లను చూసి కొత్తవాళ్లు చచ్చిపోయిందని కంగారు పడతారు. వేలితో తట్టు, లేచి నిన్నే తిట్టుకుంటుంది. అక్కడ దొరికే ఎర్ర హీట్ ల్యాంపు 250 వాట్లది, తాడుతో కాకుండా గొలుసుతో కట్టు. కింద రంపపు పొట్టు ఉంటుంది, పడితే నిప్పంటుకుంటుంది. హీటింగ్ ప్లేటు కొనగలిగితే ఆ భయమే లేదు.

డబ్బాలోంచి ఒక్కొక్కదాన్నే తీసి ముక్కు కొసను గోరువెచ్చని నీళ్లలో ముంచి వదులు. ఒక గుక్క మింగితే చాలు, ఇక అదే తాగుతుంది, దాన్ని చూసి పక్కది తాగుతుంది. నీళ్ల గిన్నెలో గోళీలో గులకరాళ్లో వేయి, లేకపోతే నిద్రమత్తులో మునిగి చచ్చిపోతాయి. అన్నీ నీళ్లు తాగాక, గంట రెండు గంటలయ్యాక మేత వేయి. చిక్ స్టార్టర్, అంటే కోడిపిల్లల మొదటి మేత, రెండు రకాలుంటుంది, మందు కలిపింది, కలపనిది. కాక్సీడియోసిస్ అనే నెత్తురు విరేచనాల జబ్బుకు టీకా వేయించి ఆర్డరు పెట్టావా? అయితే మందు కలిపింది వేయకు, టీకా పని చెడుతుంది. కాళ్లు పడిపోయే జబ్బుకు వేసే మారెక్స్ టీకా ఒక్కటే వేయించి ఉంటే ఏదైనా ఫరవాలేదు. ఈ తేడా కొట్టువాడు చెప్పడు.

రెండో రోజు నుంచి ముడ్డి చూడాలి. ప్రయాణం బడలికకు రెట్ట గట్టిపడి ఈకలకు అంటుకుపోతుంది, దారి మూసుకుపోతే పిల్ల చనిపోతుంది. గోరువెచ్చని తడిగుడ్డతో నానబెట్టి తీయాలి, లాగకూడదు. ఈ పని మీ అత్తగారికి అప్పజెప్పు. పాపం అన్నావిడే పుణ్యం మూటగట్టుకుంటారు. ఇంట్లో అయిదేళ్లలోపు పిల్లలుంటే మాత్రం కోడిపిల్లల్ని చేతికివ్వొద్దు. సాల్మొనెల్లా అనే క్రిమి వాటి ఒంటిమీద ఉంటుంది. పెద్దవాళ్లు కూడా ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ముద్దులు పెట్టుకోకూడదు.

పోస్టులో ఎప్పుడూ ఏమీ జరగదని నేను చెప్పను. 2025 వసంతంలో డెలావేర్ రాష్ట్రంలో దాదాపు 12,000 పిల్లలున్న పోస్టు లారీ ఒకటి మూడు రోజులు అలాగే నిలబడిపోయింది. నాలుగు వేలకు పైగా చచ్చిపోయాయి. మిగిలిన వేల పిల్లలు ఒక జంతు సంరక్షణ కేంద్రం నెత్తిన పడ్డాయి. రోగాల భయంతో హేచరీ వాటిని వెనక్కి తీసుకోలేకపోయింది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం దిగలేదు. సద్ది మూట ఎంతవరకో తెలియనివాళ్ల చేతిలో పడితే అంతే. నీ చేతిలో ఉన్నది ఒకటే, డబ్బా దగ్గరి ఊరి నుంచి తెప్పించుకోవడం. మీ టెక్సాస్‌లో కూడా హేచరీలున్నాయి, అయోవా ఎందుకు? రెండు రోజుల దారి ఒక రోజవుతుంది. క్యాన్సిల్ చేసే పనైతే ఆ కారణానికి చేయి.

ప్రశ్న: మేడమ్, మాది సిద్దిపేట జిల్లా. డిగ్రీ అయిపోయింది. పెరట్లో పెంచడానికి వంద గ్రామప్రియ పిల్లలు హైదరాబాద్ నుంచి తెప్పిద్దామనుకుంటున్నాను. నైట్ బస్సులో పార్సిల్ వేస్తే పొద్దున్నే అందుతాయని ఒకాయన అన్నాడు. వేయించుకోవచ్చా? వనరాజా మంచిదా, గ్రామప్రియ మంచిదా?

జవాబు: బాబూ, సిద్దిపేట నుంచి హైదరాబాద్‌కు రెండు గంటల దారి. బస్సులో వేయించుకోవడం ఎందుకు, నువ్వే వెళ్లి ఒళ్లో పెట్టుకుని తెచ్చుకో. ఇది మాట వరసకు అనడం లేదు, డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నది.

హేచరీ పని మానేసిన ఏడాది, ఇంటి వెనక ఖాళీ స్థలం ఉంది కదా అని నేనూ వంద గ్రామప్రియకు డబ్బు కట్టాను. అప్పటిదాకా లక్షల పిల్లల్ని ఎక్కించినదాన్ని, నాకు తెలియనిదేముంది అన్న పొగరు. రాత్రి బస్సులో డబ్బా వేశామని ఫోన్ వచ్చింది. తెల్లారి అయిదింటికి చేరాలి. చేరగానే ఫోన్ చేయమని పార్సిల్ ఆఫీసు కుర్రాడికి చెప్పి పడుకున్నాను. ఫోన్ రాలేదు. ఏడున్నరకు లేచి నేనే వెళ్లాను. డబ్బా అయిదున్నరకే దిగిందట. ఆఫీసు తెరిచేది ఎనిమిదింటికని, గోడ పక్కన పెట్టేశారు, పైన బండి స్పేర్‌పార్టుల అట్టపెట్టె ఒకటి. గాలి చిల్లులు ఆ వైపువి మూసుకుపోయాయి.

డబ్బా తెరవకముందే నాకు తెలిసిపోయింది. బతికున్న డబ్బా ఊరుకోదు, వర్షం పడ్డట్టు గోల చేస్తుంది. దీనిలో మూడు వైపుల నుంచే చప్పుడు. మూత తీస్తే గోడ వైపు అరలో పిల్లలన్నీ ఒక మూలకు పోగై ఉన్నాయి. పైవి తడిసిపోయినట్టున్నాయి, అది వాటి ఆవిరే. పోగు కింద పదిహేడు. ఊపిరాడక చచ్చిన పిల్ల బరువు అరచేతిలో వేరేగా ఉంటుంది, ఎలా చెప్పాలో నాకు తెలియదు. ఆ కుర్రాణ్ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఇంటికొచ్చాక మా ఆయన ఒకే మాట అన్నాడు, "అయిదింటికి నువ్వెందుకు వెళ్లలేదు?" అని. దానికి ఇవాళ్టికీ నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి నువ్వు వెళ్లు. వెళ్లలేని పరిస్థితి వస్తే, బస్సు డిక్కీలో వేయనివ్వకు. ఎండకూ ఇంజను వేడికీ అది పొయ్యి అవుతుంది. పిల్లలు బస్సు లోపల, మనుషుల మధ్యే రావాలి. వేసవిలో అరకు ఇరవై అయిదు కాకుండా ఇరవై పెట్టమను. డబ్బాల మధ్య గాలి ఆడే సందు ఉండాలి, వాటి మీద ఏమీ పెట్టకూడదు. వందకు రెండు పిల్లలు ఎక్కువ వేయడం ఈ వ్యాపారంలో మర్యాద. వేయకపోతే అడుగు, మొహమాటపడకు.

ఇక రకం సంగతి. వనరాజా, గ్రామప్రియ రెండూ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారు చేసినవే. దాన్ని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన మండలి నడుపుతుంది. వనరాజా ఒంటికీ గుడ్డుకూ రెంటికీ పనికొస్తుంది, బరువెక్కుతుంది, రంగురంగులుగా చూడటానికి నాటుకోడిలా ఉంటుంది. గ్రామప్రియ ప్రధానంగా గుడ్డుకే. గోధుమరంగు గుడ్లు పెడుతుంది, వనరాజా కంటే ఎక్కువే పెడుతుంది, ఒంటికి తేలిక కాబట్టి కుక్కకూ పిల్లికీ అంత తొందరగా దొరకదు. నీది గుడ్ల లెక్క అయితే గ్రామప్రియ సరే. మీ తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ల రాజశ్రీ గురించి కూడా కనుక్కో, పెరటికి అది బాగానే సరిపోతుంది. ప్రభుత్వ సంస్థల దగ్గర పిల్లలు అడిగిన రోజు దొరకవు. ముందుగా పేరు రాయించుకుని వంతు కోసం ఆగాలి. ఆ ఖాళీ రోజుల్లో గూడు కట్టుకో.

పిల్లలు రాగానే లీటరు గోరువెచ్చని నీళ్లలో గుప్పెడు బెల్లం కలిపి పెట్టు. కింద రెండు మూడు అంగుళాలు వరి ఊక పరిచి, పైన కాగితం వేసి, మొదటిరోజు మొక్కజొన్న రవ్వ చల్లు. నున్నటి కాగితం వద్దు, కాళ్లు జారి చీలిపోతాయి, నలిపి పరువు. పిల్లకు రెండు వాట్ల లెక్కన బల్బులు. కరెంటు పోతుంది కాబట్టి కుంపటి సిద్ధంగా ఉంచుకో, పొగ బయటికి పోయే దారి చూసుకో. అయిదు నుంచి ఏడో రోజు లోపు కొక్కెర తెగులుకు లసోటా టీకా చుక్క కంట్లో వేయించు. రెండో వారంలో గంబోరో అనే ఇంకో జబ్బుకు టీకా. టీకా మందు ఐసు పెట్టెలో తెచ్చావో జేబులో వేసుకుని తెచ్చావో నెల తర్వాత తెలుస్తుంది. ఆరు వారాలదాకా బయటికి వదలకు. డేగలు చూస్తుంటాయి.

ప్రశ్న: ఫేస్‌బుక్‌లో చూసి కడక్‌నాథ్ అనే నల్లకోడి పిల్లలకు సగం డబ్బు ముందే పంపాను. పిల్లలు రాలేదు, ఆ నంబరు ఎత్తడం లేదు. ఇలాంటివాళ్లను ఎలా గుర్తుపట్టాలి? (శ్రీకాకుళం నుంచి ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: మాస్టారూ, డబ్బు సంగతి ముందు 1930కి ఫోన్ చేసి చెప్పండి. సైబర్ మోసాలకు దేశమంతా అదే నంబరు. ఆలస్యమైన కొద్దీ డబ్బు దొరకడం కష్టం.

గుర్తుపట్టడం అంటారా, నేనైతే మూడు మాటలు అడుగుతాను. గుడ్లు ఏ రోజు మిషన్‌లో పెట్టారు, పిల్లలు ఏ రోజు దిగుతాయి, మారెక్స్ టీకా వేశారా. నిజంగా హేచరీ ఉన్నవాడికి ఇరవై ఒక్క రోజుల లెక్క నాలుక చివర ఉంటుంది. "ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎన్ని కావాలంటే అన్ని" అన్నాడంటే వాడి దగ్గర గుడ్డు కూడా లేదని అర్థం. కడక్‌నాథ్ మధ్యప్రదేశ్‌లోని ఝాబువా కోడి, 2018లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతానిదేనన్న ముద్ర, వచ్చింది. పేరు పెరిగాక నల్లగా కనిపించిన ప్రతి పిల్లా కడక్‌నాథే అయిపోయింది. వీడియో కాల్‌లో కాళ్లు, నాలుక చూపించమనండి, అవీ నల్లగానే ఉండాలి. అలా చూపించినా సంకరం కాదని నేను పూచీ పడను. మీకు కావలసింది గుడ్లూ మాంసమే అయితే కడక్‌నాథ్ జోలికి పోకండి, అది మెల్లగా పెరుగుతుంది, గుడ్లు తక్కువ. పేరుకే ఆ ధర.

ప్రశ్న: అన్నీ పెట్టలే అని చెప్పి పాతిక పిల్లలు అమ్మారు. మూడు నెలలకు ఆరు పుంజులు తేలాయి. మోసం చేశారా? (ఖమ్మం)

జవాబు: ఏ రకం పిల్లలో మీరు రాయలేదమ్మా. వనరాజా లాంటి పెరటి రకాలైతే మామూలుగా కలగలుపుగానే అమ్ముతారు, సగం సగం ఉంటాయి. పాతికలో ఆరే పుంజులంటే మీరు అదృష్టవంతులు. గుడ్ల ఫారాలకు అమ్మే తెల్ల రకాలనైతే హేచరీలోనే వేరు చేస్తారు. కొన్నింటిలో రెక్క ఈకల పొడవు చూసి చెప్పేయొచ్చు, పెట్టకు రెండు వరసలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. అది పనికిరాని రకాల్లో పిల్లను తిరగేసి, ముడ్డి లోపలి గింజంత బుడిపె చూసి చెప్పాలి. ఆ విద్య జపాన్‌వాళ్లు 1920ల్లో కనిపెట్టారు. మా హేచరీకి వచ్చే ఒకాయన నిమిషానికి పది పిల్లలకు పైగా చూసేవాడు, మాట్లాడుతూనే. నేను రెండేళ్లు ప్రయత్నించాను, బొమ్మా బొరుసూ వేసినట్టే వచ్చేది. అమెరికాలో కూడా నూటికి తొంభై పెట్టలని మాత్రమే మాటిస్తారు, నూరు అనరు. మీకు ఇరవై అయిదూ పెట్టలే అని కాగితం మీద రాసిస్తే అడగండి. నోటిమాటగా అంటే, ఆరు పుంజులూ సంక్రాంతికి పనికొస్తాయి.

ప్రశ్న: మీ తణుకు వైపు బర్డ్ ఫ్లూ వచ్చింది కదా. అక్కడి నుంచి పిల్లల్ని తెచ్చుకోవచ్చా? (కాకినాడ)

జవాబు: 2025 ఫిబ్రవరిలో వచ్చింది నిజమే. తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో. రోగం తేలిన చోటి నుంచి కిలోమీటరు లోపల కోళ్లన్నిటినీ పూడ్చేశారు, పది కిలోమీటర్లదాకా నిఘా పెట్టారు. నాకు తెలిసినవాళ్ల షెడ్లు ఖాళీ అయ్యాయి, ఆ వాసన గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. నిఘా ఎత్తేశాక తెచ్చుకోవచ్చు. కానీ ఏ ఊరు నుంచి తెచ్చినా, తెచ్చే ముందురోజు మీ మండల పశువైద్యుడికి ఫోన్ చేసి ఆ ఊరు పేరు చెప్పి అడగండి. మీ ఇంట్లో ముందే కోళ్లుంటే కొత్త పిల్లల్ని మూడు నాలుగు వారాలు వేరే ఉంచండి, కొత్తవాటి దగ్గరికి వేసుకెళ్లిన చెప్పులతో పాతవాటి దగ్గరికి వెళ్లొద్దు.

ప్రశ్న: ఆంటీ, తీర్థంలో మా నాన్న ఇరవై రూపాయలకు ఆకుపచ్చ కోడిపిల్లను కొనిపెట్టాడు. అట్టపెట్టెలో పెట్టాను. పెద్దయ్యాక కూడా ఆకుపచ్చగానే ఉంటుందా? అది అస్తమానం అరుస్తోంది. (మూడో తరగతి, భీమవరం)

జవాబు: ఉండదు నాన్నా. అది రంగు. పిల్ల పుట్టిన రోజున దానిమీద రంగు నీళ్లు చల్లుతారు. గుడ్లు పెట్టే తెల్లకోళ్ల హేచరీల్లో పుంజు పిల్లలు ఎవరికీ అక్కర్లేదు, అవే తీర్థాల్లోకి వస్తాయి. మీదీ పుంజే అయ్యుంటుంది.

అరవడం ఎందుకంటే దానికి చలేస్తోంది, పైగా ఒక్కటే ఉంది. అమ్మను అడిగి పెట్టెకు పైన ఒక పక్క 60 వాట్ల పాత రకం బల్బు కట్టించుకో. వెచ్చగా లేని ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు. వేడి ఎక్కువైతే అది రెండో పక్కకు పోయే చోటుండాలి. మూతలో నీళ్లు పెట్టి అందులో నాలుగు రాళ్లు వేయి. నూకలు ఒక్కటే పెడితే చాలదు, కోళ్ల దాణా కొట్టులో చిక్ మాష్ అనే పిల్లల దాణా అరకిలో అడుగు, ఇస్తారు. నాన్న ఇంకో పిల్లను తెస్తే రెండూ అరవడం మానేస్తాయి. ఏ రంగుదైనా ఫరవాలేదు. ముట్టుకున్నాక చేతులు కడుక్కో.

రెండు వారాలకు రెక్కల దగ్గర తెల్ల ఈకలు కనిపిస్తాయి. తర్వాత తోక, తర్వాత వీపు. తల మీద ఆకుపచ్చ అన్నిటికంటే ఆఖర్న పోతుంది, కొన్నాళ్లు టోపీ పెట్టుకున్నట్టు ఉంటుంది.